పక్షవాతం వచ్చిన ఇంట్లో మాటామాటా ఎందుకు పెరుగుతుంది?

(పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి కుటుంబాల కోసం గుంటూరులో జరిగిన సమావేశంలో, ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే ఒక ఫిజియోథెరపిస్టు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరస అంతా ఖాళీగా ఉంది. పేషెంట్లని తీసుకొచ్చినవాళ్లు ఫ్యాను కింద కూర్చోబెట్టండి. అమ్మా, ఆయన ఎడమ చెయ్యి కుర్చీ పక్కన వేలాడిపోతోంది చూడండి, తీసి ఒళ్లో పెట్టండి, కింద మీ చున్నీ మడిచి పెడితే ఇంకా మంచిది. ఆఁ, అంతే. చెయ్యి అలా వేలాడుతుంటే భుజం కీలు జారుతుంది, తర్వాత ముట్టుకుంటే చాలు అరుస్తారు.

నన్ను వ్యాయామాల గురించి చెప్పమని పిలిచారు. అవి భోజనాల తర్వాత చేయించి చూపిస్తాను. ఇప్పుడు ఇంకో విషయం మాట్లాడతాను, ఎందుకంటే నేను ఇళ్లకు వెళ్లినప్పుడు కాలూ చెయ్యీ చూసేది ఎంతసేపో, గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి వాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునే మాటలూ అంతసేపే. ఆ మాటలు ఏ ఇంట్లో అయినా ఒకటే. "ఈయనకి నా మీద ప్రేమ లేదమ్మా." లోపల మంచం మీదున్న ఆయనేమో చెయ్యి విసిరి సైగ చేస్తాడు, దీనికి నేనంటే విసుగు అని. కోడలు అంటుంది, మామయ్యకి ఎంత చేసినా విశ్వాసం లేదు అని. ఊళ్లో ఉన్న కొడుకు అంటాడు, డాలస్‌లో ఉన్న తమ్ముడికి అమ్మ అంటే లెక్క లేదు అని. ఏ గొడవ చూడండి, తిరిగి తిరిగి ప్రేమ ఉందా లేదా దగ్గరికే వస్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క లెక్క గురించే. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మెదడులో ఏ భాగానికి దెబ్బ తగిలిందో చూడండి, ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు చాకిరీ చేస్తున్నారో చూడండి. మీరు ప్రేమ లేదు అనుకుంటున్న వాటిలో చాలా వాటికి జవాబు అక్కడే ఉంటుంది. అన్నింటికీ ఉండదు. ఉండనివాటి గురించి కూడా చెప్తాను.

ముందు భోజనం పళ్లెం సంగతి చెప్పనివ్వండి. ఒక పెద్దాయన, కుడివైపు మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట బాగానే వస్తుంది. కోడలు పళ్లెంలో అన్నం, పప్పు కుడివైపు పెట్టి, బెండకాయ వేపుడు ఎడమ పక్కన వేసి తెచ్చిస్తుంది. ఆయన పప్పన్నం తిని, "నాకు కూర వెయ్యలేదు" అని పక్కింటివాళ్లకి వినపడేలా అరుస్తాడు. కూర పళ్లెంలోనే ఉంది! ఆ అమ్మాయి వేలు పెట్టి చూపిస్తుంది, ఆయన ఇప్పుడు తెచ్చి వేశావంటాడు. నెలల తరబడి ఇదే. చూడటానికొచ్చిన ఆడపడుచు ముందు కూడా ఇదే. ఆ అమ్మాయి పరిస్థితి ఆలోచించండి. నేను వెళ్లిన రోజు ఆయన భోజనం చేస్తున్నాడు. నేనేమీ మాట్లాడకుండా పళ్లెం పట్టుకుని అరచుట్టు తిప్పాను, అంతే. ఎడమ పక్కన ఉన్నది కుడి పక్కకి వచ్చింది. "ఇదిగో, ఇప్పుడు వేసింది" అన్నాడాయన, ఎంత నిజాయితీగా అన్నాడంటే, అబద్ధమాడే మనిషి ఎవరూ అలా అనలేరు.

ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమ వైపు అనేది ఒకటుందని మెదడు పట్టించుకోవడం మానేసింది. కుడివైపు మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఇది చాలామందికి వస్తుంది. గడ్డం సగమే గీసుకుంటారు, ఎడమ చెయ్యి చొక్కాలో దూర్చడం మర్చిపోతారు, నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటారు. కొందరైతే అసలు నా చెయ్యి బాగానే ఉంది, మీరే నన్ను లేవనివ్వడం లేదు అని గట్టిగా వాదిస్తారు. వాదిస్తే మీరు గెలవలేరు, ఎందుకంటే ఆయన దృష్టిలో ఆయన చెప్పేదే నిజం. పళ్లెం ఎడమ అంచుకి ఎర్ర టేపు అతికించి, అది కనపడేదాకా తల తిప్పమని రోజూ అలవాటు చేయండి. ఆడపడుచుకి కూడా పళ్లెం తిప్పి చూపించండి, అది ముఖ్యం.

ఇక మాట పడిపోయినవాళ్లు. ఎక్కువమందికి మాటలు ఎడమవైపు మెదడులో ఉంటాయి, కుడి కాలూ చెయ్యీ నడిపించేదీ అదే వైపు, కాబట్టి కుడి కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు మాట కూడా పోతుంటుంది. ఇక్కడ ఎంతమంది ఇళ్లలో ఇలా జరిగింది? చెయ్యెత్తండి. చాలామంది ఉన్నారు. సరే, మీలో ఎంతమందికి ఆయన నోటి నుంచి వేరే మాట రాకపోయినా తిట్టు మాత్రం స్పష్టంగా వస్తోంది? సిగ్గుపడకండి. ఆఁ, చూశారా.

ఇది మీ ఇంట్లో మొదలైంది కాదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడు, ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు, అతనికి ఆ ఒక్క ముక్కే మిగిలింది. కోపం వస్తే మాత్రం ఒక తిట్టు కూడా బయటికొచ్చేది. బ్రోకా అతని మెదడు చూశాకే మాట ఎడమవైపు ముందు భాగంలో ఉంటుందని లోకానికి గట్టిగా తెలిసింది. ఆలోచించి కూర్చుకునే మాట ఒక దారిలో వస్తుంది. నోటికి అలవాటైపోయిన మాట, అంటే తిట్టు, ఒకటి రెండు మూడు లెక్క, రోజూ పాడుకునే భజన, ఇవి వేరే దారిలో వస్తాయి. అందుకే మంచినీళ్లు అని అడగలేని మనిషి భజన మొత్తం పాడేస్తాడు, భార్యని బూతు తిడతాడు. ఆమెకేమనిపిస్తుంది? ముప్పై ఏళ్లు కాపురం చేస్తే నాకోసం దాచిపెట్టుకున్న మాట ఇదా అనిపిస్తుంది. కాదమ్మా. నోట్లో మిగిలింది అదే, దాంతోనే నిన్ను పిలుస్తున్నాడు.

అవును, కాదు కూడా తారుమారైపోతాయి. కాఫీ కావాలా అంటే ఆఁ అంటాడు, తెస్తే తోసేస్తాడు. కావాలని ఏడిపిస్తున్నాడని మీకు ఒళ్లు మండుతుంది. ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని అడగండి, వేలితో చూపిస్తాడు. ఒకసారికి ఒకటే అడగండి, టీవీ ఆపి అడగండి. అడిగాక ఆగండి. మనం ఆగం, అదే వచ్చిన చిక్కు.

ఇంకొకటి, ఏడుపు. చుట్టాలు వచ్చి ఎలా ఉన్నావురా అనగానే బావురుమని ఏడ్చేస్తారు. అంతే, చుట్టాలు కోడలి వైపు అదో రకంగా చూస్తారు, ఏం కష్టపెడుతోందో పాపం అని. భావాలకి మెదడు వేసే బ్రేకు వదులైపోవడం వల్ల వచ్చే ఏడుపిది. కొందరికి ఇదే నవ్వుగా వస్తుంది, చావు కబురు చెప్తే నవ్వుతారు. దీనికి మందులున్నాయి, న్యూరాలజీ డాక్టరుకి చెప్పండి. అయితే ఏడుపంతా ఇదే అనుకోకండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. నిద్ర పోయి, ఆకలి పోయి, నన్నెందుకు బతికించారు అంటున్నారంటే అది వేరే సంగతి, ఆ మాట విన్న రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బద్ధకం అని మీరు తిడుతున్నది కూడా చాలాసార్లు బద్ధకం కాదు, పనికి పూనుకునే ఊపే మెదడులో తగ్గిపోతుంది, పైగా స్నానం చేస్తేనే అలసిపోయి పడుకుంటారు.

ఇప్పటిదాకా పేషెంటు తరఫున మాట్లాడాను. సేవ చేసేవాళ్లు అనుకుంటున్నారు, అంటే మేం అన్నీ పడాలా అని. లేదు. ఇప్పుడు మీ సంగతి.

మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడతాయని ఆసుపత్రిలో చెప్పి పంపిస్తారు. చెప్పడం తేలిక. రాత్రి పదకొండుకి తిప్పాలి, ఒంటిగంటకి తిప్పాలి, మూడింటికి తిప్పాలి, మధ్యలో డైపర్ మార్చాలి, ఐదింటికి లేచి పిల్లాడికి క్యారేజీ కట్టాలి. ఇలా నిద్ర లేని మనిషి పొద్దున్నే మాత్ర మింగనని మొహం తిప్పుకున్న భర్త మీద కేకలేస్తే, అది ప్రేమ తగ్గడమా? అది నిద్ర చాలకపోవడం. ఆ ఇంట్లో ముందు కావలసింది వారానికి రెండు రాత్రులు ఆమె వేరే గదిలో తలుపేసుకుని పడుకోవడం. ఆ రెండు రాత్రులు ఎవరు చూస్తారో పేరు పెట్టి రాసుకోండి. ఎవరో ఒకరు చూస్తారులే అంటే ఎవరూ చూడరు, మళ్లీ ఆమే లేస్తుంది.

ఇంకో భారం మా వృత్తివాళ్లం మీ నెత్తిన పెట్టాం. రోజూ వ్యాయామం చేయించండి, అంతా మీ చేతుల్లోనే ఉంది అంటాం. ఆయన లేవకపోతే అత్తగారు అంటుంది, నువ్వు సరిగ్గా చేయించడం లేదు అని. ఆమె పోలీసు అయిపోతుంది, ఆయన దొంగ అయిపోతాడు, రోజూ పొద్దున్నే చెయ్యెత్తు, కాలెత్తు అని యుద్ధం. అందుకని మీకు ఒక పరిశోధన గురించి చెప్పాలి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగులతో అటెండ్ అనే అధ్యయనం చేశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగంమంది ఇళ్లలో కుటుంబసభ్యులకి తర్ఫీదు ఇచ్చి వాళ్లతోనే వ్యాయామాలు, పనుల సాధన చేయించారు. మిగతా సగంమందికి మామూలుగా అందే వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే తేడా లేదు. రెండు వైపులా 47 శాతం మంది చనిపోయారు లేదా ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నారు.

దీన్నిబట్టి వ్యాయామం వద్దని కాదు, అలా అర్థం చేసుకోకండి. కదలాలి, సాధన చేయాలి, మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు త్వరగా వస్తుంది, తర్వాత కూడా నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. నేను చెప్పేదేమిటంటే, ఆయన లేవలేదంటే అది నీ తప్పు కాదు తల్లీ. మెదడులో ఎంత భాగం పోయింది, ఎంత త్వరగా ఆసుపత్రికి చేరారు, వీటి ముందు నువ్వు పొద్దున ఇరవైసార్లు చేయించావా ముప్పైసార్లు చేయించావా అనేది చిన్న విషయం. ఆ ముప్పైసార్ల కోసం కాపురం పాడుచేసుకోవద్దు. చేయించే పని నాకో, ఇంకో ఫిజియోకో, సాయంత్రం వచ్చే మేనల్లుడికో వదిలేసి, నువ్వు ఆయన పక్కన కూర్చుని వార్తలు చూడు.

అసలు మంచం మీదున్న మనిషికి అన్నింటికంటే ఎక్కువ మంట పుట్టేది ఎక్కడో తెలుసా? కాలు పడిపోవడం దగ్గర కాదు. పెత్తనం పోవడం దగ్గర. నిన్నటిదాకా బడి నడిపిన హెడ్మాస్టరు గారు. ఇవాళ ఆయన ఫోను కొడుకు జేబులో, ఏటీఎం కార్డు కోడలి పర్సులో. ఆయన ఎదుటే ఆయన పొలం కౌలు గురించి మాట్లాడుకుంటారు, ఆయన్ని ఒక్క మాట అడగరు. పైగా "బువ్వ తినాలి, మా బంగారం కదూ" అని చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. ముద్దుగానే అంటారు, నాకు తెలుసు. ఆయన అన్నం గిన్నె విసిరేస్తాడు. మీరైనా విసిరేస్తారు. మాట రాని మనిషికి అర్థం కాదని అనుకోకండి, మాట పోయిన చాలామందికి మన మాట చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది. కౌలు సంగతి ఆయన్ని అడగండి, తల ఊపడానికి టైమివ్వండి. రోజుకి ఒక్క పని, చొక్కా గుండీలు కానివ్వండి, కూరగాయల చీటీ కానివ్వండి, ఎంత ఆలస్యమైనా ఆయన్నే చెయ్యనివ్వండి. ఆటో వచ్చి నిలబడ్డ రోజు గుండీలు మీరే పెట్టేయండి, దాన్ని సిద్ధాంతం చేసుకోవద్దు.

డబ్బు గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగం అబద్ధమైపోతుంది. ఐసీయూ బిల్లు అన్నదమ్ములు కలిసే కడతారు, ఇంటికొచ్చాకే అసలు ఖర్చు మొదలవుతుంది, అప్పుడు ఫోన్లు తగ్గిపోతాయి. విదేశాల్లో ఉన్న పిల్లలకి ఒక మాట. వీడియో కాల్‌లో అమ్మని లేపి నడిపించి చూపించమనకండి, యూట్యూబ్‌లో చూసిన స్టెమ్ సెల్ వైద్యం గురించి వదినకి పాఠం చెప్పకండి. రాత్రి మనిషిని పెట్టండి, ఆ జీతం మీరే నేరుగా పంపండి. సంవత్సరంలో సెలవు దొరికినప్పుడు వచ్చి వదినని పుట్టింటికి పంపించి, అమ్మ డైపర్ మీరు మార్చండి. ఊళ్లో ఉన్న అన్నగారూ, మీరు కూడా నేనే మోస్తున్నానని వాళ్ల మీద దెప్పుతూ ఏ పని చెయ్యాలో మాత్రం అడగకుండా ఉండకండి, పేరు పెట్టి అడగండి. ఇక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వైకల్యం ఉన్నవారికి నెలకి 6000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15000 చేశారు. వైకల్యం ఎంతుందో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆ డబ్బు ఎవరి పేరున వస్తుందో వాళ్ల అవసరాలకే ముందు పోవాలి, మిగిలింది సేవ చేస్తున్న మనిషి చేతికి పోవాలి. ఈ వరస తప్పిన ఇళ్లలోనే పింఛను రోజున గొడవలవుతున్నాయి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడనివి మాట్లాడతాను. మరుగుదొడ్డి సంగతి. కోడలి చేత కడిగించుకోవడం ఇష్టం లేక మామగారు నీళ్లు తాగడం మానేస్తాడు. కొడుకు చేత శుభ్రం చేయించుకోలేక తల్లి రాత్రంతా బిగబట్టుకుంటుంది. మలబద్ధకం వస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఇంట్లోవాళ్లేమో నీళ్లు తాగమంటే మొండికేస్తోంది అంటారు. అడగండి, ఎవరు చేస్తే నీకు ఫర్వాలేదమ్మా అని. రెండు మూడు గంటలకోసారి మీరే కమోడ్ కుర్చీ దగ్గరికి తీసుకెళ్తే పిలవాల్సిన అవసరమే తగ్గిపోతుంది. లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి లాగొద్దు, పడిపోయిన చెయ్యి పట్టుకుని అసలు లాగొద్దు. నడుముకి మడతపెట్టిన పంచె గట్టిగా చుట్టి, ఆ పంచె పట్టుకుని, ఆయన్ని ముందుకి వంగమని లేపండి, మీ నడుమూ బతుకుతుంది.

భార్యాభర్తల సంగతి. నలభై, నలభై అయిదేళ్లకే పక్షవాతం వస్తున్నవాళ్లని చూస్తున్నాను. నన్ను ఎవరూ నోరు తెరిచి అడగరు, ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటుంది, మళ్లీ ఏమైనా అవుతుందేమోనని. ఆయనేమో తనంటే ఆమెకి రోత అనుకుంటాడు. మళ్లీ అదే లెక్క! పరిస్థితి కుదుటపడి, బీపీ అదుపులో ఉంటే చాలామందికి దాంపత్యం వల్ల ప్రమాదం లేదు, మీ డాక్టరుని అడగండి, అడగడంలో తప్పు లేదు. కొన్ని బీపీ మందులు, కొన్ని డిప్రెషన్ మందులు కోరిక తగ్గిస్తాయి, అది కూడా చెప్తే మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు, బయట దొరికే బిళ్లలు కొని వేసుకోవద్దు. అవేవీ వద్దనుకున్నా సరే, పక్కన పడుకోండి.

జవాబు దొరకనివి కూడా చెప్తానన్నాను. పాతికేళ్లు తాగొచ్చి కొట్టిన మనిషి. ఇవాళ పడిపోయాడు. ఊరంతా ఆమెతో అంటుంది, ఇప్పుడైనా ప్రేమగా చూసుకో, పుణ్యం వస్తుంది అని. నేను ఆమెతో ఆ మాట అనను. అనే హక్కు నాకు లేదు. అతను కోపంలో మంచి చేత్తో ఇప్పటికీ కొడుతున్నాడంటే దానికి మెదడు దెబ్బ మాత్రమే కారణమని కూడా నేను ఆమెకి నచ్చజెప్పను. అతనికి తిండి, మందు, శుభ్రత అందాలి, అది ఏ మనిషికైనా అందాలి. అది ఆమె చేతుల మీదుగానే అందాలని ఎక్కడుంది? కొడుకులున్నారు, అన్నదమ్ములున్నారు, జీతానికి మనుషులున్నారు. ఆ ఇంటి పెద్దలు ఎవరైనా ఇక్కడ ఉంటే దయచేసి వినండి, ఆమెని అడగండి, ఆమె ఎంతవరకు చెయ్యగలనంటే అంతవరకే.

అలాగే సేవ చేస్తూ చెయ్యి చేసుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఉంటారు. పేషెంటు మీద ఒక్కసారైనా చెయ్యి లేచి ఉంటే, లేవబోయి ఆగి ఉంటే, అది మీలో ఓపిక అయిపోయిందన్న గుర్తు. ఆయన పడిపోకుండా మంచం రెయిలింగ్ పైకి లేపి పెట్టి, బయటికెళ్లి అయిదు నిమిషాలు నిలబడండి. ఆ రోజే ఇంకొకరికి చెప్పండి, మర్నాటి నుంచి పని పంచండి. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంట్లకే కాదు, మీకు కూడా. అక్కడ టేబుల్ దగ్గర బీపీ మిషను పెట్టాం, సేవ చేసేవాళ్లే ముందు చూపించుకోండి, ఆయన మాత్రలు టైముకి వేసి మీవి మర్చిపోయేవాళ్లు చాలామంది ఉన్నారిక్కడ.

నేను ఇక ఆపుతాను. మైకు ముందు పేషెంట్లకి ఇద్దాం, తర్వాత మీరు అడుగుదురు గాని. మాట తడబడేవాళ్లు కూడా మాట్లాడతారు, పక్కన కూర్చున్నవాళ్లు మధ్యలో మాట అందించొద్దు, ఎంతసేపైనా ఆగుదాం. ఆ నీలం చొక్కా అన్నగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, ముందు ఆయనకివ్వండి. కుడివైపు నుంచి ఇవ్వమ్మా మైకు.